పది గంటల పది నిమిషాలు

మా మావయ్యని ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అందరూ నిమిషాలయ్య అనేవారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉండేది, దాన్ని ఎవరూ చూసేవారు కాదు. మా అమ్మకి కోపం వస్తే సొంత అన్నగారని కూడా చూడకుండా ఆ పేరుతోనే దులిపేసేది. ఆయన గురించి రాస్తానంటే, "నా గురించి ఏముందే రాయడానికి" అన్నాడు. ఏమీ లేదని ఆయన నమ్మకం. ఉన్నదాన్ని కడుపులో దాచుకోవడంలో ఆయనంత సమర్థుడు మా వంశంలో ఇంకొకడు పుట్టలేదని నా నమ్మకం.

రేవుకి అవతల గుట్ట మీద ఒక పాత భవనం ఉంది. దాని పై అంతస్తులో తీరపు రేడియో కేంద్రం. సముద్రంలో తిరిగే ఓడలూ పడవలూ పిలిస్తే పలకడం, విన్నది విన్నట్టు పుస్తకంలో రాయడం, అందవలసిన వాళ్ళకి అందించడం మావయ్య పని. ముప్పై ఒక్క ఏళ్ళు అదే చేశాడు. హెడ్‌ఫోను తగిలించి తగిలించి చెవుల పైన జుట్టు రెండు వైపులా అరిగిపోయింది. ఆ గది గోడ మీద రెండు గడియారాలుండేవి. ఒకటి ఊరి టైము, రెండోది సముద్రపు టైము. ఓడలు రోజుకో దేశం దాటుతాయి కాబట్టి, ప్రపంచంలో ఎక్కడి ఓడవాడైనా ఎక్కడి రేడియోవాడైనా రాతలన్నీ ఆ రెండో గడియారం ప్రకారమే రాయాలి. లేకపోతే ఒకడి పొద్దున్న ఇంకొకడి సాయంత్రమై అంతా గందరగోళం. మావయ్య ఇంట్లో వంటగదిలో కూడా అలాగే రెండు తగిలించాడు. ఒంటిగంటకి భోజనానికి రా అన్నయ్యా అంటే, ఏ ఒంటిగంట అని అడిగే మనిషికి ఎవరు మాత్రం ఎన్నాళ్ళు వడ్డిస్తారు.

ఆ పుస్తకాన్ని లాగ్ బుక్కు అంటారు. ఎన్నింటికి, ఎవరు, ఏమన్నారు, ఇంతే ఉంటుంది అందులో. ఖాళీ వదలకూడదు, చెరపకూడదు, దిద్దకూడదు. తప్పు పడితే ఒకే ఒక్క అడ్డగీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో మావయ్య గీసిన గీతలు మూడు. అవి ఏ ఏ రోజులో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

మా అత్తయ్య పెళ్ళైన ఆరో ఏట జబ్బు చేసి పోయింది. పిల్లల్లేరు. మళ్ళీ చేసుకోమని అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది కానీ ఆయన నీళ్ళు నమిలి నమిలి ఏళ్ళు గడిపేశాడు. అలా ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలిపోయాడు. ఆయనకి మనుషులు తెలియరనుకోవడం మాత్రం తప్పు. రెండు మూడు వందల గొంతులు తెలుసు. ఏ పడవ సరంగు భయపడితే దగ్గుతాడో, ఏ కెప్టెను అబద్ధమాడేటప్పుడు మాట నిదానిస్తాడో తెలుసు. మొహాలే తెలియవు. ఒకసారి బజారులో, వెనకనించి ఎవరో చేపల బేరం ఆడుతుంటే ఆ గొంతు గుర్తుపట్టాడట. తుఫానులో ఓ రోజంతా తను మాట్లాడించిన పడవవాడిది. పది అడుగులు వెంట నడిచి, ఏమని పలకరించాలో తెలియక, ఇంటికొచ్చేశాడు. నాకు ఈ సంగతి చెప్పినప్పుడు నేను నవ్వాను. చిన్నదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. పన్నెండేళ్ళు దాటింది. మా గస్తీ ఓడ ఒకటి నడిసముద్రంలో ఒక చిన్న సరుకుల ఓడని ఆపింది. అందులో మత్తుమందు ఉందని కబురు. అది వేరే దేశపు జెండా ఎగరేస్తున్న ఓడ. నేను లాయరాఫీసులో టైపిస్టుని, నాకు అర్థమైనంతలో చెబుతాను. నడిసముద్రం ఎవరి సొత్తూ కాదు. అక్కడ ఓడ మీద ఏ దేశం జెండా ఉంటే ఆ దేశం మాటే చెల్లుతుంది. సరుకు మీద ఎంత అనుమానమున్నా ఆ దేశాన్ని అడగాలి, సరే అనిపించుకోవాలి, ఆ తర్వాతే ఎక్కాలి. ముందే ఎక్కితే అది సోదా కాదు, చొరబాటు. అన్ని దేశాలూ కూర్చుని ఒప్పుకున్న సంగతి ఇది.

అడగడం పొద్దున్నే అడిగారు. జవాబు ఆ దేశపు మంత్రిత్వ శాఖ నించి ఫ్యాక్సులో రావాలి. ఫ్యాక్సు మిషను రేడియో గదిలో కాదు, పక్క గదిలో ఉండేది. మామూలుగా ఇద్దరుండాల్సిన డ్యూటీలో ఆ రోజు మావయ్య ఒక్కడే, రెండోవాడు సెలవు. సరిగ్గా అప్పుడే ఒక చేపల పడవ ఇంజను ఆగిపోయి, రాళ్ళ వైపు కొట్టుకుపోతూ పిలిచింది. ఏడుగురున్నారు అందులో. మావయ్య ఆ సరంగుతో గంటకి పైగా మాట్లాడుతూనే ఉన్నాడు, లంగరు ఎలా వెయ్యాలో, ఎటు తిప్పాలో. హెడ్‌ఫోను తీసే సందు లేదు. పడవ గట్టెక్కాక పక్క గదిలోకి వెళితే, అక్కడి గోడ మీద కూడా ఉండే సముద్రపు గడియారంలో పదకొండూ ఇరవై. ఫ్యాక్సు ట్రేలో పడి ఉంది. ఎక్కవచ్చు అని అనుమతి.

అది ఎప్పుడు వచ్చిందో ఆయనకి తెలియదు. కాగితం చేతికందిన క్షణాన గోడ గడియారం చూసి రాయాలని రూలు. అంటే పదకొండూ ఇరవై అని రాయాలి. కానీ కాగితం అంతకుముందే వచ్చి పడి ఉందని కళ్ళకి కనిపిస్తోంది, అప్పుడే వచ్చినట్టు రాయడానికి చెయ్యి రాలేదు. ఫ్యాక్సు పైన అంచున, పంపినవాళ్ళ మిషను వేసే టైము సన్న అక్షరాల్లో ఉంటుంది. పది గంటల పది నిమిషాలు అని ఉంది. సముద్రం పని చూసే ఆఫీసుల మిషన్లన్నీ సముద్రపు టైములోనే ఉంటాయి కదా అనుకుని అదే రాసేశాడు. గస్తీ ఓడ కెప్టెను రేడియోలో పిలిచి, అనుమతి ఎన్నింటికొచ్చింది అని అడిగాడు. పదీ పదికి అన్నాడు మావయ్య. "బతికించావు నిమిషాలయ్యా" అన్నాడు కెప్టెను. ఆయన మనుషులు ఆగలేక పదీ నలభైకే ఆ ఓడ ఎక్కేసి ఉన్నారు.

ఎనిమిది వందల కిలోల సరుకు దొరికింది. ఆ సరుకుల ఓడ మీద ముగ్గురు: కెప్టెను, ఇంజను మనిషి, వంటవాడు. పేపర్ల నిండా ఫోటోలు. కేంద్రంలో అందరూ మావయ్య భుజం తట్టారు, ఆయన భుజం తట్టించుకోవడం అదే మొదలూ చివరా. ఎనిమిదో రోజున, పట్టుబడ్డవాళ్ళ వివరాలు అడుగుతూ అదే మిషను నించి ఇంకో ఫ్యాక్సు వచ్చింది. ఈసారి మావయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. కాగితం ఇంకా వెచ్చగా ఉంది. గోడ మీద తొమ్మిదిన్నర. కాగితం అంచున ఎనిమిదిన్నర.

ఆ మిషను వాళ్ళ దేశపు టైములో నడుస్తోంది, సముద్రపు టైముకి గంట వెనక. అంటే అనుమతి పదీ పదికి రాలేదు. పదకొండూ పదికి వచ్చింది. మనవాళ్ళు అరగంట ముందే ఎక్కారు.

ఆ రోజే పెద్దసారు దగ్గరికి వెళ్ళి చెప్పాడు. సరుకు దొరికిందా లేదా, అన్నాడు పెద్దసారు. దొరికింది సార్. దొంగలా కాదా? ఏమో సార్. మరి అరగంటకోసం దేశం పరువు తీస్తావా, పోయి పని చూసుకో. మావయ్య వచ్చి పుస్తకం తెరిచాడు. పెన్ను మూత తీశాడు. ఒక గీత, ఒక సంతకం, అంతే కావలసింది. "నాలుగో గీత" అన్నాడు నాతో, చాలా ఏళ్ళ తర్వాత. ఆయన అన్నేళ్ళ గొప్పంతా ఆ మూడు గీతల్లో ఉండేది. పెన్ను మూత పెట్టేశాడు.

రెండేళ్ళు కేసు నడిచింది. లాగ్ బుక్కు నకలు కోర్టుకి వెళ్ళింది, మనిషిని ఎవరూ పిలవలేదు. ముద్దాయిల తరఫున కోర్టు పెట్టిన లాయరు ఆ పేజీ చూశాడు. అనుమతి పదీ పది, ఎక్కింది పదీ నలభై, అంతా సక్రమం. పేజీ తిప్పేశాడు. ముగ్గురికీ ఇరవయ్యేసి ఏళ్ళు పడ్డాయి. కెప్టెను దేశానికీ మన దేశానికీ ఖైదీల మార్పిడి ఒప్పందం ఉంది, మిగిలిన శిక్ష తన దేశంలో అనుభవించడానికి అతన్ని పంపేశారు. ఇంజను మనిషి ఆరో ఏట జైలు ఆసుపత్రిలో పోయాడు. వంటవాడిది ఇంకో దేశం. ఆ దేశంతో ఒప్పందం లేదు. అతను మిగిలిపోయాడు.

మావయ్య రిటైరయ్యాక మొదటి నెలలోనే జైలుకి వెళ్ళాడు. చూడటానికి ఎవరూ రాని పరదేశీ ఖైదీలను చూడటానికి మామూలు జనాన్ని అనుమతిస్తున్నారని పేపర్లో పడింది. నిజం చెప్పేద్దామనే వెళ్ళాడు. ములాఖాత్ గదిలో వరసగా స్టూళ్ళు, మధ్యలో అద్దం, అటొక ఫోను, ఇటొక ఫోను. ఇరవై నిమిషాలు. వంటవాడు నాలుగేళ్ళలో మన భాష నేర్చుకున్నాడు. కానీ నేర్పినవాళ్ళు వార్డర్లు. అందువల్ల అతని నోట ప్రతి మాటా హుకుంలా వచ్చేది. "కూర్చో. ఫోను తియ్యి. ఎవరు నువ్వు? పేరు చెప్పు." మావయ్య చెప్పాడు. తనని చూడటానికే వచ్చాడని అర్థమయ్యేసరికి వంటవాడు ఇక ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. ఓడ గురించి, వంటగది గురించి, అలలకి గిన్నెలు జారిపోకుండా తను చేసిన కమ్మీ గురించి. ఇరవై నిమిషాలూ అతనే మాట్లాడాడు. గంట మోగింది. "మళ్ళీ రా" అన్నాడు.

వచ్చే నెల చెబుదామనుకున్నాడు మావయ్య. వచ్చే నెల వెళ్ళాడు. ఆ పై నెల వెళ్ళాడు. నెలనెలా చెబుదామనే ఏడేళ్ళు వెళ్ళాడు.

మాకెవరికీ తెలియదు. ఆదివారాలు అమ్మ నా చేత క్యారియరు పంపేది. ఒక ఆదివారం వెళితే మావయ్య నాకే వడ్డించాడు. అంతకుముందు ఆయన వంట అంటే అన్నం ఉడికించి దాని మొహం చూస్తూ కూర్చోవడమే. ఆ రోజు కూర కుదిరింది. మామూలుగా కాదు, మా అమ్మకి చెబితే ముఖం మాడ్చుకునేంత బాగా కుదిరింది. ఎవరు నేర్పారంటే, ఒక స్నేహితుడు అన్నాడు. "నీకా? స్నేహితుడా?" అని పగలబడి నవ్వాను. ఆయన కూడా నవ్వాడు.

అద్దానికి అవతలనించి ఫోనులో నేర్పేవాడట. "నూనె వేడి కానీ. ఉల్లిపాయ వెయ్యి. కదపకు. తొందర పడకు." మావయ్య ఇంటికొచ్చి అలాగే చేసేవాడు, నెల తిరిగాక వెళ్ళి ఎలా వచ్చిందో అప్పజెప్పేవాడు. మాడింది అంటే, మంట తగ్గించు, నీకు చెప్పానా లేదా అని కసురుకునేవాడట. జైల్లో అతనికి వంటపని ఇవ్వలేదు, కత్తులుంటాయి కాబట్టి. ఏడేళ్ళు అతను వండిందంతా మా మావయ్య చేతులతోనే. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు ఒక చోట నిలవదు. జాలిపడదామంటే కోపం వస్తుంది, తిడదామంటే జాలేస్తుంది.

పోయిన ఏడాదికి ముందు ఏడు, వంటవాడి దేశపు రాయబార కార్యాలయం నించి అతనికి ఉత్తరం వచ్చింది. ఖైదీల ఒప్పందం మాటలు ఆగిపోయాయని, ఇప్పట్లో కదలవని. ఇంకా తొమ్మిదేళ్ళుంది శిక్ష. ఆ నెల మావయ్య వెళితే వంటవాడు ఫోను తీశాడు, చెవికి పెట్టుకున్నాడు, మాట్లాడలేదు. మావయ్య బంగాళాదుంపల గురించి అడిగాడు. జవాబు లేదు. ఇరవై నిమిషాలూ ఇద్దరూ ఫోన్లు చెవులకి పెట్టుకుని కూర్చున్నారు. గంట మోగాక అతను మళ్ళీ రా అనకుండా లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు మావయ్య మా ఆఫీసుకొచ్చాడు. ఇంటికి కాదు, ఆఫీసుకి. అందరితోపాటు బెంచీ మీద వరసలో కూర్చుని, తన వంతు వచ్చాక నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అఫిడవిట్టు టైపు చెయ్యాలి అన్నాడు. ఏ ఇంటి తగాదానో అనుకున్నాను. ఆయన చెబుతుంటే నేను కొడుతున్నాను. నా ఉద్యోగంలో చెవికీ వేళ్ళకీ మధ్య బుర్ర అడ్డురాకూడదు, రోజుకి పాతిక మంది కట్టుకథలు కొట్టాలి మరి. "సదరు ఫ్యాక్సు పదకొండు గంటల పది నిమిషాలకు వచ్చినట్టు నాకు ఎనిమిది రోజుల తర్వాత తెలిసినది" అన్న దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఎనిమిది రోజులకా? ఎనిమిదేళ్ళకా?" అన్నాను.

"రోజులే."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా లాయరు గారు లోపలున్నారని కూడా చూడలేదు. ఒక మనిషి జీవితం గోడల మధ్య పడి కుళ్ళుతుంటే ఎదురుగా కూర్చుని కూరలు నేర్చుకున్నావా అన్నాను. ఒక గీత గీయలేకపోయావా, పోనీ ఏడేళ్ళలో ఒక్క నెల నోరు తెరవలేకపోయావా అన్నాను. బెంచీ మీది జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. ఆయన తల దించుకుని అంతా విన్నాడు. ఆయనకి వినడం వచ్చు కదా.

"మొదట్లో భయం వల్ల చెప్పలేదు తల్లీ," అన్నాడు. "తర్వాత భయం పోయింది."

"మరి?"

"చెప్పేస్తే వెళ్ళిపోతాడుగా."

అదే మేడలో ఎదురింట్లోనే ఉంటూ నెలకి రెండు ఆదివారాలు క్యారియరు ఇచ్చి, చెప్పులు విప్పకుండానే వచ్చేసేదాన్ని నేను. మిగతా కాగితం కొట్టి ఇచ్చాను.

మా లాయరు గారు చదివి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. దీనితో పై కోర్టుకి వెళ్ళొచ్చు, అరగంట తేడా చాలు, కానీ పిటిషను మీద వంటవాడి సంతకం కావాలి, అతనికి సంగతి చెప్పాలి అన్నారు. నేను చెబుతాను లెండి, మీరు రాకపోయినా పరవాలేదు అని మావయ్యతో మర్యాదగా అన్నారు. లేదు, నేనే చెప్పాలి అన్నాడు మావయ్య. లాయరు గారి వెంట ఇద్దరం వెళ్ళాం.

లాయర్ల గదిలో అద్దం ఉండదు. బల్ల, నాలుగు కుర్చీలు. వంటవాడిని తీసుకొచ్చారు. నేను కండలు తిరిగిన మనిషిని ఊహించుకున్నాను. బక్కపల్చని, బట్టతల మనిషి, చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని ఉన్నాడు. మావయ్యని అద్దం లేకుండా చూడగానే మొహం విప్పారింది. చెయ్యి చాచాడు. ఏడేళ్ళలో వాళ్ళు ఒకరినొకరు తాకలేదు. మావయ్య తన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ముందు ఒకటి చెప్పాలి. విన్నాక ఇవ్వాలనిపిస్తే ఇయ్యి," అన్నాడు.

చెప్పాడు. వాతావరణ సూచన చదివినట్టు, ఒక్క మాట ఎక్కువ లేకుండా, తక్కువ లేకుండా చెప్పాడు. వంటవాడు చాచిన చెయ్యి బల్ల మీద పెట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఎప్పుడు తెలుసు?"

"ఎనిమిదో రోజున."

"మొదటిసారి ఇక్కడికొచ్చావు. అప్పుడు తెలుసు?"

"తెలుసు."

వంటవాడు పిటిషను తన వైపు లాక్కున్నాడు. లాయరు గారు చూపించిన చోటల్లా నెమ్మదిగా సంతకాలు పెట్టాడు, ఐదు చోట్ల. పెన్ను తిరిగిచ్చేశాడు. లేచి, మావయ్య వైపు చూడకుండా, అతనికొచ్చిన ఆ ఒక్క తీరులోనే చెప్పాడు.

"ఇంక రాకు."

బస్సులో మావయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను తిట్టాలని ఎన్నో కూడబెట్టుకుని వెళ్ళాను. ఒక్కటీ వాడలేదు.

కేసు తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. కోర్టులో ప్రభుత్వ లాయరు మావయ్యని ఉతికి ఆరేశాడు. ఖైదీతో స్నేహం చేసి, అతనికోసం కథ అల్లావా అన్నాడు. అంచున ఎనిమిదిన్నర ఉన్న ఆ రెండో ఫ్యాక్సూ, లాగ్ బుక్కులో దానికి రాసిన తొమ్మిదిన్నరా రికార్డు గదిలో దొరక్కపోతే ఆయన మాట గాలికి పోయేదే. పాత ఉద్యోగులు సాయంత్రాలు కలుసుకునే టీ కొట్టులో ఈయన వెళితే కుర్చీలు నిండిపోయి ఉండేవి, ఖాళీవి కూడా. ఆయన వెళ్ళడం మానేశాడు. వంట కూడా మానేశాడు. ఆదివారాలు నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి కూర్చునేదాన్ని. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు. నేనొచ్చినందుకు సంతోషించేవాడు, నేను అతను కాను, అంతే.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, అసలు ఆ వంటవాడికి సరుకు సంగతి తెలియదంటావా, అన్నం పెట్టేవాడికి తెలియకుండా ఓడలో ఏం దాగుతుంది అని. నాకు తెలియదు అన్నాడు మావయ్య. ఎప్పుడూ అడగలేదా అంటే, అడిగే హక్కు నాకెక్కడిది అన్నాడు. తీర్పులో జడ్జి గారు కూడా ఇంచుమించు అదే రాశారు. సరుకు దొరికింది కదా అన్నది, ఎక్కే హక్కు ఉందా అన్న ప్రశ్నకి జవాబు కాదని, ఎక్కిన క్షణానికి అనుమతి లేదు కాబట్టి ఆ తర్వాత దొరికినదేదీ సాక్ష్యం కాదని. శిక్ష రద్దు. పేపర్లో మాత్రం, గుమాస్తా నిర్వాకంతో మత్తుమందుల ఖైదీ విడుదల అని వేశారు. మా మేడ మెట్ల మీద ఆయనకి ఎదురుపడేవాళ్ళు పక్కకి తప్పుకునేవారు.

విడుదల తేదీ లాయరు గారు ముందే చెప్పారు. జైలు నించి నేరుగా విమానాశ్రయానికి తీసుకెళ్ళి తన దేశానికి పంపేస్తారు. గేటు దగ్గర నిలబడితే దూరం నించైనా చూడొచ్చు, పద మావయ్యా అన్నాను. "రాకు అన్నాడుగా" అన్నాడు. ఆ రోజంతా ఆయన వంటగదిలో స్టూలు మీద కూర్చున్నాడు. నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. సాయంత్రానికి, వెళ్ళిపోయి ఉంటాడు అన్నాడు. టీ పెట్టాను, తాగాడు.

పది రోజుల తర్వాత జైలు నించి ఉత్తరం వచ్చింది. అచ్చు ఉత్తరం, ఖాళీల్లో చేత్తో నింపింది. విడుదలైన ప్రతి ఖైదీ విషయంలోనూ దగ్గరి బంధువుకి పంపుతారట. మీకు తమ్ముడైన ఫలానా నంబరు ఖైదీని ఫలానా తేదీన ఆరోగ్యంగా విడుదల చేసి స్వదేశానికి పంపినట్టు తెలియజేయడమైనది. బంధువు పేరు అన్నచోట మావయ్య అసలు పేరు ఉంది. బంధుత్వం దగ్గర 'అన్న' అని ఉంది.

పొరపాటేమోనని నేను జైలుకి ఫోను చేశాను. అక్కడి గుమాస్తా ఫైలు తీసి చూసి, పొరపాటేం లేదమ్మా, విడుదలకి ముందురోజు ఖైదీ చేతే నింపిస్తాం, అతని చేతిరాతే అన్నాడు.

ఆ మాట మావయ్యకి చెప్పాను. క్షమించాడు మావయ్యా అన్నాను. నా మాటలో నాకే పూర్తి నమ్మకం లేదు, అయినా అన్నాను. ఆయన కాగితం మీద 'అన్న' అనే ఆ ఒక్క మాట కింద వేలు పెట్టాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు.

"క్షమించడం కాదులే. వాడికి రాయడానికి ఇంకెవరూ లేరు," అన్నాడు. "అలాంటి కాగితం నా చేతికిస్తే నేనూ వాడి పేరే రాస్తాను."

సొంత చెల్లెలి కూతుర్ని, ఆయన మోకాలికి నా మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని ఉన్నాను. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.